సీఆర్పీ పెరిగిందంటే ఏ జబ్బు వచ్చినట్టు?

శ్రీకాకుళంలో ల్యాబ్‌లో కూర్చునేవాళ్ళకి రోజూ తప్పని ప్రశ్న ఒకటుంది. రిపోర్ట్ కవరు చేతికివ్వగానే అక్కడే చింపేసి, లావుగా ప్రింటైన అంకె మీద వేలెట్టి "ఏటి బావూ, ఇది ఎక్కువున్నాదంట, ఇంతకీ ఇదేటి జబ్బు?" అని అడుగుతారు. ఈమధ్య ఆ వేలు ఎక్కువసార్లు సీఆర్పీ మీదే ఉంటోంది, కోవిడ్ పుణ్యమా అని ఆ పేరు ఊళ్ళోకి కూడా వచ్చేసింది మరి. రిపోర్ట్ చూసి జబ్బు చెప్పడం మా పని కాదు, డాక్టర్ గారు చెప్తారని పంపించేస్తాం, అది రూలు, మంచి రూలే. కానీ అక్కడ చూస్తే బెంచీల నిండా జనం, ఆయన కూడా "ఇన్ఫెక్షనుంది, ఈ మందులు వాడండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఆయన్నీ అనలేం. మధ్యలో ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది. కౌంటర్ దగ్గర చెప్పలేనిది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా, కాస్త పొడుగైపోతుంది, ఓపికుంటే చదవండి.

సీఆర్పీ అనేది ఏ జబ్బు పేరూ కాదు. మన లివర్ తయారుచేసి రక్తంలోకి వదిలే సీ-రియాక్టివ్ ప్రోటీన్ అనే ఒక ప్రోటీన్, అంతే. ఒంట్లో ఎక్కడో ఏదో గొడవైంది, ఆ కబురు లివర్ దాకా వచ్చింది, వచ్చాక లివర్ పని మొదలెట్టింది, ఆ అంకె చెప్పేది ఇంతవరకే. గొడవ ఎవరు మొదలెట్టారు, ఎక్కడ మొదలెట్టారు అని అడిగితే దానికి తెలీదు.

ఇప్పుడంటే మిషన్‌లో పెడితే అంకె వచ్చేస్తోంది గానీ నేను నేర్చుకున్నప్పుడు ఇది నల్ల స్లైడ్ మీద చేసే లేటెక్స్ టెస్టు. సీరం, అంటే రక్తం గడ్డ కట్టాక పైకి తేలే నీరు, ఒక చుక్క, తెల్లటి లేటెక్స్ రీఏజెంట్ ఒక చుక్క, పుల్లతో కలిపి గుండ్రంగా పరిచి, స్లైడ్‌ని చేత్తో అటూ ఇటూ వాలుస్తూ రెండు నిమిషాలు చూడాలి. సీఆర్పీ లేకపోతే ఆ తెలుపు చదునుగా అలాగే ఉండిపోతుంది, ఉంటే మాత్రం మెల్లగా విరిగి రవ్వ రవ్వగా కట్టడం మొదలవుతుంది, నల్ల స్లైడ్ మీద ట్యూబ్‌లైట్ వెలుగులో అది భలే కనిపిస్తుంది, బాగా ఎక్కువున్న మనిషిదైతే వాల్చీ వాల్చగానే గడ్డలు కట్టేస్తుంది. చాలా కిట్లలో లీటరుకి 6 మిల్లీగ్రాముల దగ్గర్నుంచి ఇలా రవ్వ కడుతుంది. దీన్ని మొదట చూసింది 1930లో, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు. న్యుమోనియా ముదిరినవాళ్ళ సీరంలో ఆ బాక్టీరియా నుంచి తీసిన ఒక పదార్థం కలిపితే తెల్లగా అడుగుకి దిగేది, అదే మనిషి కోలుకున్నాక తీసిన సీరంలో దిగేది కాదు. ఇదేదో న్యుమోనియాకే ప్రత్యేకం అనుకుంటే, వేరే ఇన్ఫెక్షన్లలో కూడా అదే కనిపించింది. అంటే మనవాళ్ళు ఇవాళ అడిగే ప్రశ్నకి జవాబు ఆ రోజే సగం వచ్చేసిందన్నమాట.

మరి లివర్‌కి చెప్పిందెవరు? ఇంటర్‌ల్యూకిన్-6 అని ఒక చిన్న ప్రోటీన్, ఐఎల్-6 అంటాం. 1986లో జపాన్‌లో ఒసాకా యూనివర్సిటీలోని కిషిమోతో టీమ్ దీని జీన్‌ని పట్టుకుంది. తమాషా ఏంటంటే వాళ్ళు వెతికింది యాంటీబాడీలు తయారుచేసే కణాల్ని కదిలించే పదార్థం కోసం, ఇంకో చోట ఇంకొకళ్ళు లివర్‌ని కదిలించే పదార్థం కోసం వెతుకుతున్నారు, మరొకళ్ళు ఇది వైరస్‌కి సంబంధించిందేమో అని వేరే పేరు పెట్టుకున్నారు, చివరికి లెక్క తేలేసరికి అందరూ వెతుకుతున్నది దీన్నే. ఇలాంటి కబురు మోసే చిన్న ప్రోటీన్లన్నిటినీ కలిపి సైటోకైన్లు అంటారు. కోవిడ్‌లో టీవీల్లో సైటోకైన్ స్టార్మ్ అని అరిచి అరిచి ఆ మాటంటేనే జనానికి భయం పుట్టించారు గానీ, అవి ప్రతి రోజూ మన ఒంట్లో పని చేసుకుంటూనే ఉంటాయి.

పొలం గట్టు మీద తుమ్మ ముల్లు దిగిందనుకోండి. ఉడుపుల టైంలో ఇది మనవైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. ముల్లు పీకేసి, బురద కడిగేసి, పని చేసుకుంటాం. సాయంత్రానికి మడమ ఎర్రబడుతుంది, ముట్టుకుంటే వేడి, పొద్దున్నకి వాచి ఒకటే సలుపు. ఇప్పుడు ఎవర్ని అడిగినా ముల్లుకున్న విషం అంటారు, లేదా సూక్ష్మజీవులు చేసిన పని అంటారు. కానీ ఆ ఎరుపు, ఆ వేడి, ఆ వాపు, ఆ సలుపు, వీటిలో చాలా భాగం చేసింది మన కణాలే, కావాలనే చేశాయి.

ముల్లు దిగిన క్షణాల్లోనే చర్మం కింద ఉండే మాస్ట్ కణాలు హిస్టమిన్‌ని బయటికి వదిలేస్తాయి. అది ముందే తయారుచేసి పెట్టుకున్న సరుకు కాబట్టి ఆలస్యం ఉండదు. దాంతో అక్కడున్న సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే ఎరుపూ వేడీ, గోడల మధ్య సందులు తెరుచుకుని నీరు బయటికి ఊరుతుంది, అదే వాపు. తర్వాత మాక్రోఫేజ్ అనే కణాల వంతు. ఇవి ఎక్కడికీ తిరగవు, చర్మంలోనే కాపురం ఉంటాయి, వాటి పైన టోల్ రిసెప్టర్లని కొన్ని ఉంటాయి. బాక్టీరియా గోడలో ఉండే కొన్ని పదార్థాలు మన ఒంట్లో ఎక్కడా ఉండవు, ఈ రిసెప్టర్లు వాటిని పట్టేస్తాయి. వచ్చింది ఫలానా పేరున్న బాక్టీరియా అని వాటికి తెలియాల్సిన పనిలేదు, ఇది మనది కాదు అని తెలిస్తే చాలు. ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉండి తీరాలని 1989లో అమెరికాలో జేన్‌వే అనే ఆయన ముందే అన్నాడు, అప్పటికి చేతిలో రుజువు లేదు. 1996లో ఫ్రాన్స్‌లో హాఫ్‌మన్ టీమ్ పళ్ళ మీద ముసిరే చిన్న ఈగల్లో చూపించింది, టోల్ జీన్ పాడైన ఈగలు బూజు పట్టి చచ్చిపోయాయి. 1998లో బ్యూట్లర్ ఎలకల్లో దాని చుట్టాన్ని పట్టుకున్నాడు. ఈ ఇద్దరికీ 2011లో నోబెల్ వచ్చింది, వాళ్ళతో పాటు స్టైన్‌మన్‌కి కూడా, పాపం ఆయన ప్రకటనకి మూడు రోజుల ముందే పోయాడు.

మాక్రోఫేజ్‌కి సంగతి తెలిశాక అది మింగడం మొదలెట్టడంతో పాటు కబుర్లు వదులుతుంది, టీఎన్ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6, ఐఎల్-8 ఇలాగ, అన్నీ సైటోకైన్లే. ఇందులో నాకు బాగా నచ్చేది రక్తనాళం గోడ దగ్గర జరిగే పని. మామూలుగా ఆ గోడ నున్నగా ఉంటుంది, తెల్లకణాలు రక్తంతో పాటు జారిపోతుంటాయి, ఎక్కడా ఆగవు. టీఎన్ఎఫ్, ఐఎల్-1 తగిలాక గోడ లోపలివైపున సెలెక్టిన్లనే అంటుకునే ప్రోటీన్లు మొలుస్తాయి, అది కూడా ముల్లు దిగిన చోట మాత్రమే. అటుగా పోయే న్యూట్రోఫిల్స్ అనే రకం తెల్లకణాలు వాటికి తగులుతూ ఊడుతూ గోడ మీద దొర్లడం మొదలెడతాయి, వేగం తగ్గుతుంది. అదే గోడకి ఐఎల్-8 అంటుకుని ఉంటుంది, అది తగలగానే న్యూట్రోఫిల్ తన పట్టు బిగించి ఆగిపోయి, చదునుగా పరుచుకుని, సందులోంచి ఒళ్ళు సన్నం చేసుకుని బయటికి దూరిపోతుంది. అక్కణ్ణించి ఐఎల్-8 ఎటు చిక్కగా ఉంటే అటు నడుస్తుంది. ఎంత పెద్ద ఒళ్ళు, ఎన్ని మైళ్ళ రక్తనాళాలు, అందులో మడమ దగ్గర ఆవగింజంత చోటు, సరిగ్గా అక్కడే దిగుతాయి. రెండు రోజుల తర్వాత పిండితే వచ్చే చీములో ఎక్కువ భాగం అలా వచ్చి చచ్చిపోయిన న్యూట్రోఫిల్సే. ఇక సలుపు సంగతంటారా, అది ప్రోస్టాగ్లాండిన్, బ్రాడికైనిన్ అనేవాటి పని, నరాల చివర్లని సున్నితం చేసేస్తాయి, అందుకే చెప్పు తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది.

ముల్లుతో ఇదంతా మొదట చూసినాయన ఒకడున్నాడు. మెచ్నికోవ్ అని, 1882లో ఇటలీలో మెస్సీనా అనే సముద్రం ఒడ్డు ఊళ్ళో. నక్షత్ర చేప పిల్లలు గాజులా ఉంటాయి, లోపలిదంతా కనిపిస్తుంది, వాటిలో గులాబీ ముల్లు గుచ్చి వదిలేసి తెల్లారి మైక్రోస్కోప్‌లో చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. వాటిని పిలిచిందేమిటో ఆయనకి తెలీదు, ఐఎల్-8 లాంటివి దొరకడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. 1908లో ఆయనకీ ఎర్లిక్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు.

ఈ న్యూట్రోఫిల్స్ వ్యవహారం మాకు స్లైడ్ మీద రోజూ కనిపిస్తుంది. పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఎముక మజ్జకి కూడా కబురెళ్తుంది, ఉన్నవన్నీ పంపమని. మామూలుగా 4 వేల నుంచి 11 వేల దాకా ఉండే తెల్లకణాలు 20 వేలు దాటేస్తాయి. డిమాండ్ మరీ ఎక్కువైతే మజ్జ ఇంకా పూర్తిగా ముదరని వాటిని కూడా తోలేస్తుంది. లీష్‌మన్ స్టెయిన్ అనే రంగు వేసి చూస్తే ముదిరిన న్యూట్రోఫిల్‌లో న్యూక్లియస్ మూడు నాలుగు తుంపులుగా ఉంటుంది, లేతదాంట్లో తుంపులవకుండా వంగిన కడ్డీలా ఉంటుంది, దాన్నే బ్యాండ్ సెల్ అంటాం. బ్యాండ్లు ఎక్కువ కనిపిస్తే రిపోర్ట్‌లో షిఫ్ట్ టు లెఫ్ట్ అని రాస్తాం. సెల్ కౌంటర్ ఎంత ఖరీదైందైనా సరే, అనుమానం వచ్చినప్పుడు స్లైడ్ చూడాల్సిందే అని నేనంటే కుర్రాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

ఇక జ్వరం. ఇక్కడే నేను అసలు చెప్పాలనుకున్నది ఉంది. జ్వరం సూక్ష్మజీవిది కాదు, మనది. సూక్ష్మజీవి విషమే ఒళ్ళు కాలుస్తుందని డాక్టర్లే చాలాకాలం అనుకున్నారు. 1940ల్లో బీసన్ అనే ఆయన కుందేళ్ళ తెల్లకణాల నుంచే జ్వరం తెప్పించే పదార్థం వస్తోందని చూపించాడు. 1977లో డినరెల్లో దాన్ని మనిషి తెల్లకణాల నుంచి శుద్ధి చేశాడు. తర్వాత దానికి ఐఎల్-1 అని పేరు పెట్టారు. నానోగ్రాముల లెక్కలో ఇస్తేనే మనిషికి జ్వరం వస్తుంది, అంత ఘాటు. ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్ఎఫ్ రక్తంలో పోయి మెదడులో హైపోథాలమస్ దగ్గరున్న రక్తనాళాల్ని తాకితే అక్కడ ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తయారవుతుంది, అది ఒంటి వేడి ఎంతుండాలనే లెక్కని పైకి జరిపేస్తుంది. 37 దగ్గర ఉండాల్సింది 39 అని కొత్త లెక్క పడిందనుకోండి, అప్పటికి 37లో ఉన్న ఒళ్ళు మెదడుకి చల్లగా ఉన్నట్టు లెక్క. అందుకే ఎండాకాలం మిట్ట మధ్యాన్నం కూడా "చలేస్తన్నాది, దుప్పటి కప్పండ్రా" అంటారు, వణుకుతారు, ఆ వణుకుతోనే వేడి పుడుతుంది. పారాసెటమాల్ వేస్తే ప్రోస్టాగ్లాండిన్ తగ్గి లెక్క కిందకి దిగుతుంది, ఇప్పుడు ఒళ్ళు వేడిగా ఉన్నట్టు లెక్క, చెమటలు పోస్తాయి. సూక్ష్మజీవి మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంది, దాన్ని ఆ మాత్ర ముట్టుకోదు.

ఆకలి చచ్చిపోవడం, మూలకి ముడుచుకుని పడుకోవాలనిపించడం, ఎవరైనా పలకరిస్తే విసుగు, ఇవి కూడా అవే కబుర్లు మెదడుకి చేరడం వల్ల వచ్చేవే. మా అప్ప వాళ్ళ చిన్నోడికి జ్వరమొస్తే ఒక ముద్ద తినడు, అప్ప కంచం పట్టుకుని వాడి వెనకాల తిరుగుతుంది, రెండు రోజులు ఆగవే అప్పా, నీళ్ళూ గంజీ పట్టు చాలు అంటే నా మీద కేకలు.

ఒకే కబురు ఇన్ని పనులెలా చేయిస్తుందని అనుమానం రావచ్చు. కళింగపట్నం పోర్టులో తుఫాను హెచ్చరిక ఎగరేశారనుకోండి, ఆ జెండా ఎవరికీ ఫలానా పని చెయ్యమని చెప్పదు. దాన్ని చూసి బెస్తవాళ్ళు తెప్పలు పైకి లాక్కుంటారు, కలెక్టర్ గారు బడులకి సెలవిస్తారు, కరెంటోళ్ళు స్తంభాలు పురమాయిస్తారు, షాపువాడు కొవ్వొత్తుల రేటు పెంచుతాడు, 2018లో తిత్లీ అప్పుడు మనందరం చూసిందే. ఐఎల్-6 కూడా అంతే, లివర్‌కి తగిలితే సీఆర్పీ, మెదడుకి తగిలితే జ్వరం. అందుకునే కణం ఏదన్నదాన్ని బట్టే పని ఉంటుంది.

అదే ఐఎల్-6 లివర్ చేత ఫైబ్రినోజెన్ కూడా ఎక్కువ చేయిస్తుంది, దాంతో ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి ట్యూబులో తొందరగా దిగుతాయి, గంట తర్వాత మనం ఈఎస్ఆర్ అని చదివేది ఆ దిగుడునే. ఇంకో పని చాలామందికి తెలీదు. ఐఎల్-6 వెళ్ళాక లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్ వదులుతుంది, అది ఇనుముని రక్తంలోకి రానివ్వకుండా కణాల్లోనే దాచేయిస్తుంది. సూక్ష్మజీవులకి కూడా ఇనుము కావాలి కదా, వాటికి దొరక్కుండా చెయ్యడం. కొద్ది రోజులైతే ఫర్వాలేదు, నెలల తరబడి సాగితే మనకే రక్తం తగ్గిపోతుంది. ఇందులో ల్యాబ్ వాళ్ళు గమనించాల్సింది ఒకటుంది, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చూడ్డానికి చేసే ఫెరిటిన్ కూడా ఇలాంటి సమయాల్లో పెరిగిపోతుంది. రక్తం తక్కువున్న ఆవిడకి ఫెరిటిన్ నార్మల్ అని వచ్చిందని ఇనుముకి ఢోకా లేదు అనేసుకుంటే, పక్కనే సీఆర్పీ 40 ఉండొచ్చు, అప్పుడు ఆ నార్మల్‌ని నమ్మలేం. ఫెరిటిన్‌తో పాటు సీఆర్పీ కూడా చూడమని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది ఇందుకే. మన ప్యాకేజీల్లో మాత్రం అక్కర్లేనివి పది పెట్టి ఇది పెట్టరు.

సీఆర్పీ పెరగడానికి సూక్ష్మజీవే ఉండాలని కూడా లేదు. ఆపరేషనైనా, కాలినా, గుండెపోటైనా పెరుగుతుంది, ఎందుకంటే పగిలిపోయిన మన కణాల్లోంచి బయటపడిన సరుకుకి కూడా మాక్రోఫేజ్‌లు స్పందిస్తాయి. గౌట్ అయితే మరీ విచిత్రం, యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో పడితే కణాలు వాటిని మింగి, లోపల ఇన్‌ఫ్లమజోమ్ అనే యంత్రాంగం కదిలి ఐఎల్-1 బయటికొస్తుంది, ఇది 2006లో స్విట్జర్లాండ్‌లో లోజాన్ వాళ్ళు తేల్చారు. అర్ధరాత్రి బొటనవేలు పట్టుకుని ఏడుస్తున్న మనిషి కాలు ఎర్రగా వాచి ఉంటుంది, జ్వరం కూడా ఉండొచ్చు, ఒక్క బాక్టీరియా ఉండదు. అలాంటోళ్ళకి యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు రాసేస్తుంటే చూసేవాళ్ళకి కడుపు మండుతుంది.

వైరస్‌లకి ఇంకో కబురుంది, ఇంటర్‌ఫెరాన్. 1957లో లండన్‌లో ఐజక్స్, లిండెన్‌మన్ అని ఇద్దరు కోడిగుడ్డు పొరల ముక్కల్ని వేడితో చంపిన ఫ్లూ వైరస్‌తో కలిపి ఉంచి, ఆ నీటిని తీసి కొత్త ముక్కల మీద వేశారు, ఆ కొత్త ముక్కల్లో బతికున్న వైరస్ కూడా పెరగలేకపోయింది. వైరస్ సోకిన కణం తను పోతూ పోతూ పక్కవాటికి చెప్పే కబురది, అందుకున్న కణాలు వైరస్ పెరగకుండా లోపల ప్రోటీన్ల తయారీనే మందగింపజేసుకుంటాయి. వైరల్ జ్వరాల్లో సీఆర్పీ బాక్టీరియా వాటంత పెరగదు సాధారణంగా, అలాగని దాన్నే పట్టుకుని గీత గీసేయడానికి లేదు. మలేరియా మళ్ళీ వేరు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీలో పెద్దోళ్ళు రోజు మార్చి రోజొచ్చే జ్వరం అనేవారు కదా, వైవాక్స్ రకం మలేరియా పరాన్నజీవి ఎర్రకణాల్లో పెరిగి 48 గంటలకోసారి ఆ కణాలన్నీ ఒకేసారి పగులుతాయి, లోపలి చెత్తంతా బయటపడి టీఎన్ఎఫ్ ఎగుస్తుంది, ఆ గంటే చలి. పరాన్నజీవి మధ్య రోజు కూడా ఒంట్లోనే ఉంది, జ్వరం మాత్రం లేదు.

కబుర్లు మితి మీరితే ఏమవుతుందో 2021 సెకండ్ వేవ్‌లో చూశాం. ఐఎల్-6 రిసెప్టర్‌ని మూసేసే టోసిలిజుమాబ్ కోసం జనం ఎంత తిరిగారో, ఏ రేటుకి కొన్నారో గుర్తుంది కదా. అది కూడా ఆ ఒసాకా పని నుంచి పుట్టిన మందే. సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్ళంతటినీ కుదిపేసినప్పుడు, టీఎన్ఎఫ్ ఒళ్ళంతా ఒకేసారి పారితే, మడమ దగ్గర మేలు చేసిన పనే ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో జరుగుతుంది, నాళాలన్నీ వదులైపోయి బీపీ పడిపోతుంది. సరే టీఎన్ఎఫ్‌ని ఆపేస్తే బతుకుతారు కదా అని 1990ల్లో చాలా ట్రయల్స్ చేశారు, సెప్సిస్‌లో పనికి రాలేదు. అదే మందు పద్ధతి కీళ్ళవాతంలో అద్భుతంగా పనిచేసింది, లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ చూపించారు. ఈ కబుర్లకి బ్రేకులు కూడా మన ఒంట్లోనే ఉన్నాయి, ఐఎల్-10 అలాంటిదే, కార్టిసాల్ ఇంకోటి.

కార్టిసాల్ అన్నాను కాబట్టి ఒక మాట. మన ఊళ్ళలో జ్వరమని వెళ్ళగానే కొందరు వేసే ఇంజెక్షన్‌లో డెక్సా ఉంటుంది. అది స్టెరాయిడ్, కార్టిసాల్ కంటే చాలా రెట్లు ఘాటు, పైన చెప్పిన కబుర్లన్నిటినీ ఒకేసారి అణిచేస్తుంది. గంటల్లో జ్వరం పోతుంది, నొప్పులు పోతాయి, ఆకలేస్తుంది, "ఆయన చెయ్యి మంచిది బావూ, ఒక్క సూదికి లేపీసాడు" అంటారు. లోపల టైఫాయిడో, స్క్రబ్ టైఫసో, టీబీయో ఏదుంటే అది నిశ్శబ్దంగా పెరుగుతూనే ఉంటుంది, మూడో రోజు మా దగ్గరికి వచ్చేసరికి స్టెరాయిడ్ వల్ల తెల్లకణాల లెక్క కూడా తారుమారై ఉంటుంది. కోవిడ్‌లో డెక్సామెథాసోన్ ప్రాణాలు కాపాడిన మాట నిజమే, 2020 జూన్‌లో ఇంగ్లండ్ రికవరీ ట్రయల్ చెప్పింది, కానీ ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకే లాభం, అవసరం లేనివాళ్ళకి లేదని కూడా అదే ట్రయల్ చెప్పింది, ఆ రెండో సగం మనదాకా రాలేదు.

ఇప్పుడు మన జిల్లాల సొంత జబ్బు దగ్గరకొద్దాం. శ్రీకాకుళం, విజయనగరంలో బోదకాలు చూడని ఊరుంటుందా? వుచెరేరియా అనే సన్నటి పురుగులు లింఫ్ నాళాల్లో ఏళ్ళ తరబడి కాపురముండి పిల్లల్ని, అదే మైక్రోఫైలేరియాని, రక్తంలోకి వదులుతాయి. క్యూలెక్స్ దోమ రాత్రిపూట కుడుతుంది కాబట్టి ఇవి కూడా రాత్రే పై రక్తంలోకి వస్తాయి, అందుకే ఫైలేరియా వాళ్ళు రాత్రి పది దాటాక తలుపు కొట్టి వేలికి సూది గుచ్చుతారు, జనం తిడతారు. పచ్చి రక్తం చుక్క వెంటనే మైక్రోస్కోప్ కింద పెడితే అవి కొట్టుకోవడం కనిపిస్తుంది, ముందు వాటికంటే చుట్టూ చెదిరే ఎర్రకణాలే కంట పడతాయి. అన్నేసి పురుగులు తిరుగుతున్నా ఆ మనిషికి జ్వరం ఉండదు, నొప్పుండదు, హాయిగా పనికి పోతుంటాడు. ఎందుకంటే ఆ పురుగు మన కబుర్లనే అణిచిపెట్టడం నేర్చుకుంది, దాని సమక్షంలో ఐఎల్-10 ఎక్కువుంటుంది.

బోదకాలుకి ప్రభుత్వం ఏటా పంచే మాత్రల్లో డీఈసీ, ఆల్బెండజోల్ ఉంటాయి. డీఈసీ అమెరికాలో లెడర్లీ కంపెనీలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ 1940ల్లో తెచ్చిన మందు, మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ. ఈ మాత్రలు వేసుకున్నాక కొందరికి జ్వరం, ఒళ్ళు నొప్పులు, తలనొప్పి, గజ్జల్లో బిళ్ళ కట్టడం జరుగుతాయి. దాంతో ఊరంతా పుకారు, "ఆ మాత్తర్లేసుకుంటే జొరాలొస్తన్నాయి, ఒద్దు", వచ్చిన ఆశమ్మ చేతిలోంచి తీసుకుని ఆవిడ వీధి మలుపు తిరగ్గానే పెంకుటింటి చూరులో దోపేస్తారు.

లోపల జరిగేది ఇదీ. ఈ పురుగుల ఒంట్లోనే వోల్‌బాకియా అనే బాక్టీరియా కాపురముంటుంది, అది లేకపోతే పురుగు బతకదు, పిల్లల్ని కనదు. పురుగు బతికున్నంత కాలం అది లోపలే దాగి ఉంటుంది, మన మాక్రోఫేజ్‌లకి దాని వాసన కూడా తగలదు. మందు పడి మైక్రోఫైలేరియా వేలల్లో ఒకేసారి చచ్చేసరికి అదంతా బయటపడుతుంది, టోల్ రిసెప్టర్లకి తగులుతుంది, టీఎన్ఎఫ్, ఐఎల్-6 ఎగుస్తాయి, ఆ రాత్రి జ్వరం. తుమ్మ ముల్లుకి చేసిన పనే, కాకపోతే ఈసారి ఒళ్ళంతా. ఒకట్రెండు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది, పారాసెటమాల్ చాలు. రక్తంలో పురుగు పిల్లలు ఎన్ని ఎక్కువుంటే అంత ఎక్కువ వస్తుంది. మా వీధిలో ఒకాయన గట్టిగా వాదించాడు, "నాకు ఈ జబ్బే నేదు, మాత్రేసుకున్నాకే ఒచ్చింది జొరం" అని. మావా, జబ్బు లేకపోతే జ్వరం వచ్చే అవకాశమే తక్కువ, రాత్రి రక్తం ఇచ్చి చూడు అన్నాను. ఇంకా ఇవ్వలేదు.

బోదకాలు ముదిరినవాళ్ళకి అప్పుడప్పుడూ వచ్చే చలిజ్వరం మాత్రం వేరు, అది ఎక్కువగా వేళ్ళ సందుల్లో పగుళ్ళలోంచి దూరే మామూలు బాక్టీరియా వల్ల. దానికి రోజూ సబ్బుతో కాలు కడిగి, తుడిచి ఆరబెట్టుకోవడం, పగులుంటే మందు రాయడం. ఇంత చిన్న పనితోనే ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి.

మరి మాత్ర వేసుకున్నాక జ్వరం రానివాళ్ళకి మందు పని చెయ్యలేదా అని కూడా అడుగుతున్నారు. రక్తంలో పురుగు పిల్లలు లేనివాళ్ళకి చాలావరకు ఏమీ అవ్వదు, అలా అని మానెయ్యకూడదు, పెద్ద పురుగులు ఏళ్ళపాటు బతుకుతాయి, డీఈసీ వాటిని అన్నిటినీ ఒక్క డోసులో చంపదు, ఏటా ఇవ్వడం అందుకే. కడుపు నిండా తిని వేసుకోండి, ఆశమ్మ ఎదురుగానే మింగెయ్యండి. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, మంచం మీదున్న రోగులకి ఇవ్వరు.